పనిముట్టుకూ అలసట ఉంటుంది

బియ్యం బస్తా ఇస్తే ఒక పేద ఇంటికి నెల గడుస్తుంది. రేకుకు రంధ్రాలు కొట్టే ప్రెస్సు ఒకటి కొనిస్తే ఆ ఇంటి కుర్రాడు రోజూ నాలుగు రూపాయలు సంపాదించుకుంటాడు. అందుకే పనిముట్లు కొనివ్వడం మంచి సదఖా అని చాలామంది దాతలు భావిస్తారు. అయితే ఆ పనిముట్టు గురించి దాతలు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

నెలల తరబడి చక్కగా పనిచేసిన పంచ్ ఒకరోజు ఫట్టున విరుగుతుంది. రేకు నిన్నటిదే, దెబ్బ బలమూ నిన్నటిదే. మరి ఇవాళే ఎందుకు విరిగింది?

ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు. అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు తగలబడి, 50 మందికి పైగా మరణించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను పరీక్షించాడు. లోహం ఒక్కసారికి తేలిగ్గా మోసే బరువే లక్షలసార్లు పడితే దాన్ని విరిచేయగలదని, బరువు తగ్గేకొద్దీ ఆయుష్షు పెరుగుతుందని చూపించాడు.

మన ప్రెస్సుకు ఈ లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 60 దెబ్బలు కొడితే 8 గంటల్లో 28,800 దెబ్బలు. 35 పనిదినాల్లో పది లక్షలు దాటుతుంది. ప్రతి దెబ్బలోనూ పంచ్ కిందికి దిగేటప్పుడు నలుగుతుంది. పైకి లేచేటప్పుడు రేకు దాన్ని పట్టి ఉంచడం వల్ల సాగుతుంది. ఈ సాగుడులోనే పగులు నోరు తెరుస్తుంది.

పగులు ఎక్కడో ఒకచోట మొదలుకావాలి. మొనదేలిన మూల, గ్రైండింగ్ గీత, స్పార్క్ యంత్రంతో కోసినప్పుడు కరిగి మళ్లీ గట్టిపడిన పలుచని పొర దానికి అనువైన చోట్లు. పలకలో గుండ్రటి రంధ్రం ఉంటేనే దాని అంచున ఒత్తిడి సుమారు 3 రెట్లవుతుంది. కోసుగా ఉన్న మూల దగ్గర ఇంకా ఎక్కువ. ఒకసారి మొదలైన పగులు దెబ్బదెబ్బకూ కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కకట్టే సూత్రాన్ని 1960లలో అమెరికన్ ఇంజనీరు పాల్ పారిస్ ఇచ్చాడు. దాని ప్రకారం చాలా ఉక్కుల్లో ఒత్తిడి రెట్టింపైతే పగులు వేగం దాదాపు 8 రెట్లవుతుంది. పగులు పొడవయ్యేకొద్దీ వేగమూ హెచ్చుతుంది.

మామూలు ఉక్కులో పగులు కంటికి కనిపించేంత పెరిగినా ముక్క వెంటనే విరిగిపోకపోవచ్చు. టూల్ స్టీల్ అలా కాదు. మన వర్క్‌షాపుల్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అనే డీ2 ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం ఉంటాయి. దాన్ని 60 రాక్‌వెల్ వరకు గట్టిపరుస్తారు. ఆ గట్టిదనం వల్లే పదును నిలుస్తుంది, దానివల్లే ఓర్పు తగ్గుతుంది. భారీ ఒత్తిడిలో మిల్లీమీటరులో కొద్ది వంతు పగులే దాన్ని విరిచేయగలదు. అంటే కంటితో చూసి జాగ్రత్తపడే అవకాశం దాదాపు లేనట్టే. విరిగిన ముక్క ఎగిరి వచ్చేది పనివాడి ముఖం మీదికి.

అందువల్ల జాగ్రత్త ముందే తీసుకోవాలి. మూలలకు గుండ్రదనం ఇవ్వాలి. స్పార్క్ పొరను తీసేసి నునుపు చేయాలి. ఉక్కును గట్టిపరిచిన వెంటనే టెంపరింగ్ చేయించాలి, డీ2కు కనీసం రెండుసార్లు. పంచ్, డైల మధ్య సందు సరిగ్గా ఉంచాలి. ఎన్ని దెబ్బలు కొట్టిందో పుస్తకంలో రాసి, విరిగే దశ రాకముందే పంచ్ మార్చాలి. ఇలాంటి విద్య నేర్పడానికి హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది.

దాతలకు మనవి ఇదే. చవకగా దొరికిందని పాత పంచ్‌లు, డైలు కొనివ్వకండి. అవి ఎన్ని లక్షల దెబ్బలు తిన్నాయో పైకి కనిపించదు. ప్రెస్సు ధరతో పాటు రెండు కొత్త పంచ్‌లు, కంటి అద్దాలు, ముందు అడ్డుగా పెట్టే గార్డు, కొన్ని వారాల శిక్షణ ఖర్చు కూడా లెక్కలో చేర్చండి. యంత్రంతో పాటు దాన్ని నడిపే బిడ్డ కళ్లు కూడా మన చేతిలో పెట్టిన అమానతే.