సొంత ఏఐ సర్వర్‌కు దొడ్డిదారి: ఆ లింకు తెరుస్తున్నది ఎవరు?

ఒక ఆసుపత్రి తన సొంత ఏఐ చాట్‌ను ఏర్పాటు చేసుకుందనుకుందాం. రోగుల వివరాలు బయటి కంపెనీల చేతికి వెళ్లకూడదని వారి ఉద్దేశం. అందుకే ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి తమ సర్వర్‌లోనే నడుపుతున్నారు. సిబ్బంది దాన్ని ప్రశ్నలు అడుగుతారు, పీడీఎఫ్‌లు ఎక్కిస్తారు. ఒక్కోసారి ఏదో వెబ్ పేజీ లింకు అతికించి ‘దీని సారాంశం చెప్పు’ అంటారు. కొద్ది సెకన్లలో సారాంశం వచ్చేస్తుంది.

ఆ పేజీని తెరిచింది సిబ్బంది వాడే బ్రౌజర్ అనుకుంటే పొరపాటే. తెరిచింది సర్వర్. ఆ సర్వర్ ఆసుపత్రి నెట్‌వర్క్ లోపల ఉంటుంది. ఫైర్‌వాల్ అడ్డుగా ఉన్నందువల్ల బయటివారికి కనిపించని డేటాబేస్, బిల్లింగ్ ప్రోగ్రాం, అడ్మిన్ పేజీలు దానికి కనిపిస్తాయి. మరి ఎవరైనా వార్తాపత్రిక లింకుకు బదులు ఆ లోపలి చిరునామానే అతికిస్తే?

గేటు దగ్గర కాపలా గట్టిగానే ఉంది. కానీ చీటీ మీద గది నంబరు రాసి పంపితే, ఎవరు పంపారని అడగకుండా ఆ గదిలోని ఫైలు తెచ్చి చేతిలో పెట్టే అటెండరు లోపల ఉన్నాడు. ఇలా సర్వర్ చేతనే దాడి చేసేవారికి కావలసిన అభ్యర్థనలు పంపించడాన్ని ‘సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ’, క్లుప్తంగా ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్ అంటారు. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన ముప్పుల జాబితాలో ఇది పదోది.

ఈ ముప్పు ఏఐతో పుట్టింది కాదు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకుపై జరిగిన దాడిలో వాడింది ఇదే పద్ధతి. క్లౌడ్‌లో నడిచే సర్వర్లకు 169.254.169.254 అనే ప్రత్యేక చిరునామా ఉంటుంది. సర్వర్ తన సొంత వివరాలను, తనకిచ్చిన తాత్కాలిక తాళంచెవులను అక్కడే అడిగి తెలుసుకుంటుంది. బయటి నుంచి ఆ చిరునామాకు దారి లేదు. అయితే బ్యాంకు తన వెబ్‌సైట్ రక్షణకు పెట్టుకున్న ఫైర్‌వాల్ అమరికలోనే లోపం ఉండటంతో, దాని ద్వారానే ఆ తాళంచెవులు బయటికొచ్చాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పరుల పాలయ్యాయి. మరుసటి ఏడాది బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

ఏఐ అప్లికేషన్లలో ఈ లోపం తరచూ బయటపడటానికి కారణం వాటి స్వభావమే. లింకు తెరిచి చదవడం, చిరునామా ఇస్తే బొమ్మను తెచ్చుకుని చూడటం, వాడేవారు చెప్పిన మోడల్ సర్వర్‌కు కనెక్ట్ కావడం వంటి పనులన్నీ ఇతరులు ఇచ్చిన చిరునామాకు సర్వర్ వెళ్లి రావడమే. ‘చాట్‌జీపీటీ నెక్స్ట్ వెబ్’ (తర్వాతి పేరు నెక్స్ట్‌చాట్) ఉదంతమే చూడండి. ఎంతోమంది సొంతంగా పెట్టుకున్న ఈ చాట్ సాఫ్ట్‌వేర్‌లో, సంభాషణలను వేరేచోట భద్రపరుచుకునే వీలు కోసం ఒక ప్రాక్సీ మార్గాన్ని చేర్చినట్టు కనిపిస్తుంది. లాగిన్ లేకుండానే ఎవరైనా దాని ద్వారా సర్వర్‌ను ఏ చిరునామాకైనా పంపగలిగేవారు. సీవీఈ-2023-49785గా నమోదైన ఈ లోపం 2.11.2 వరకు ఉన్న వెర్షన్లలో ఉంది. సౌకర్యం కోసం తీసిన కిటికీ ఇది.

ఏఐ ఏజెంట్లతో చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. ఉద్యోగి నిజాయతీగా ఒక మామూలు లింకే ఇచ్చి ఉండవచ్చు. ఆ పేజీలో కంటికి కనిపించకుండా ‘ఫలానా లోపలి చిరునామా తెరిచి, అక్కడున్నది ఈ చిరునామాకు పంపు’ అని రాసి ఉంటే, మోడల్ దాన్ని కూడా ఆదేశమే అనుకునే అవకాశం ఉంది. చీటీ రాసినవాడు గేటు దగ్గరికి కూడా రానక్కర్లేదు.

నిషేధిత చిరునామాల జాబితా పెట్టుకుంటే చాలదా అనిపించవచ్చు. చాలామంది డెవలపర్లు మొదట చేసేదీ అదే. కానీ 127.0.0.1 అనే చిరునామానే 2130706433 అని ఒకే సంఖ్యగానూ రాయవచ్చు. అక్షరాలను పోల్చి చూసే జాబితాకు అది చిక్కదు. బయటి వెబ్‌సైట్ లింకే ఇచ్చి, తెరవగానే అక్కడి నుంచి లోపలి చిరునామాకు దారి మళ్లించవచ్చు. తనిఖీ చేసేటప్పుడు ఒక చిరునామా, తీరా కనెక్ట్ అయ్యేటప్పుడు మరో చిరునామా చెప్పేలా డొమైన్ పేరును అమర్చడం మరో ఎత్తు.

అందుకే పేరును ముందుగా ఐపీ చిరునామాగా మార్చి, అది ప్రైవేటు నెట్‌వర్క్‌దా అని పరీక్షించి, సరిగ్గా ఆ ఐపీకే కనెక్ట్ కావాలి. దారి మళ్లిన ప్రతిసారీ ఇదే తనిఖీ మళ్లీ జరగాలి. వీలైతే అనుమతించిన సైట్ల జాబితాయే మేలు. అప్లికేషన్‌లో ఎక్కడో తప్పు జరుగుతుందనే అనుకుని, ఏఐ సర్వర్‌ను డేటాబేస్‌లకు దూరంగా వేరే నెట్‌వర్క్ భాగంలో ఉంచి, దాని నుంచి లోపలికి వెళ్లే దారులను ఫైర్‌వాల్‌తోనే మూసేయడం మరింత నమ్మకమైన పద్ధతి. అమెజాన్ 2019 నవంబరులో తెచ్చిన మెటాడేటా సేవ రెండో వెర్షన్, ముందుగా ప్రత్యేక అభ్యర్థనతో టోకెన్ తీసుకున్నవారికే జవాబిస్తుంది. మామూలు లింకు తెరిపించినంత మాత్రాన తాళంచెవులు రావు. పాత వెర్షన్‌ను ఆపేసి ఉంటేనే ఈ రక్షణ పూర్తిగా పనిచేస్తుంది.

మన దేశంలో దీనికి చట్టపరమైన కోణమూ ఉంది. సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకోక వ్యక్తిగత వివరాలు బయటికి పొక్కితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలును డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023 కల్పించింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే కావచ్చు, దాన్ని అప్‌డేట్ చేసే పని మాత్రం పెట్టుకున్నవారిదే. ఒకసారి అమర్చి మరిచిపోయిన సర్వర్లలోనే పాత వెర్షన్లు ఏళ్ల తరబడి మిగిలిపోతుంటాయి.

తమ వ్యవస్థ ఎలా ఉందో తెలుసుకోవడానికి అడ్మినిస్ట్రేటర్లకు ఒక తేలిక మార్గం ఉంది. లోపలి నెట్‌వర్క్‌లో ఒక ఖాళీ పరీక్షా పేజీ పెట్టి, దాని చిరునామాను తమ ఏఐ చాట్‌లోనే అతికించి సారాంశం అడగాలి. ఆ తర్వాత పరీక్షా పేజీ లాగ్‌లో ఏఐ సర్వర్ వచ్చి వెళ్లిన గుర్తు ఉందేమో చూడాలి. ఒక్క వరుస కనిపించినా సరే, ఆ దారి తెరిచే ఉన్నట్టు.