గుట్టు దాచినవాడి పేరే పోయింది!

మీ నాన్న ఫోన్‌లో మెసేజ్ చదవాలంటే దాన్ని చేయంత దూరం పెట్టి చూస్తున్నారా? అయితే చత్వారం వచ్చేసినట్టే. నలభై దాటాక కంట్లోని కటకం గట్టిపడుతుంది. దగ్గరి అక్షరాలు మసకబారతాయి. ఇవాళ కళ్లజోడు పెట్టుకుంటే తీరిపోయే ఈ తిప్పలకి ఒకప్పుడు సరైన దారే లేదు. పుస్తకాలకు నకలు రాసేవాళ్లు, నగలు చేసేవాళ్లు, దర్జీలు... చేతిలో పనితనం ఉన్నా కళ్లు సహకరించక వెనకబడేవాళ్లు.

ఆ కష్టానికి విరుగుడు ఇటలీలో పుట్టింది. 1286 ప్రాంతంలో పీసా పరిసరాల్లో ఎవరో రెండు కుంభాకార అద్దాలను జతచేసి తొలి కళ్లజోడు తయారుచేశారు. ఆ ‘ఎవరో’ ఎవరన్నది ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే ఆ మనిషి తయారీ గుట్టు ఎవరికీ చెప్పడానికి ఇష్టపడలేదు! అదే పీసాలో అలెస్సాండ్రో డెల్లా స్పీనా అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. ఏ వస్తువైనా ఒకసారి చూస్తే చాలు, చేసేసే రకం. కళ్లజోడునూ అలాగే సొంతంగా చేశాడు. ఎలా చేయాలో అడిగినవాళ్లందరికీ సంతోషంగా చెప్పేశాడు. 1313లో ఆయన పోయాక మఠం వాళ్లు ఈ సంగతి తమ చరిత్రలో రాసిపెట్టారు. అలా పంచినవాడి పేరు నిలిచింది, దాచినవాడిది పోయింది.

ఇక అక్కణ్నుంచి మార్పులు నెమ్మదిగానే వచ్చాయి. దూరం చూపు ఆననివాళ్లకు పుటాకార అద్దాలు 15వ శతాబ్దంలో వచ్చాయి. అప్పటికింకా జోడును ముక్కు మీద నిలబెట్టుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. పక్కన కాడలు బిగించాలన్న ఆలోచన రావడానికి నాలుగు వందల ఏళ్లకు పైనే పట్టింది. 1730 ప్రాంతంలో లండన్ దుకాణాల్లో అలాంటివి అమ్మారు. దూరానికీ దగ్గరికీ ఒకే జోడు వాడుతున్నానని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆయనా తన ఆవిష్కరణలు వేటికీ పేటెంట్ తీసుకోలేదు.

మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలుపెట్టి, ఊరూరా ఉచితంగా కంటి పరీక్షలు చేయించి కళ్లద్దాలు ఇచ్చింది. అయినా ‘వయసైపోయిందిలే’ అనుకుని కుట్టుమిషన్ మూలన పెట్టేసిన అత్తలు, పేపర్ చదవడం మానేసిన తాతలు మన వీధిలోనే కనిపిస్తారు. వాళ్లకి స్పీనా కథ చెప్పకపోయినా ఫర్లేదు. ఒక్కసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, చాలు.