అర్థంకాని పాఠంలో ఎవరి లోకం ఉంది?

అక్షరం పొల్లుపోకుండా పాఠం చదివి, 'ఏం అర్థమైంది?' అని అడగగానే తలవంచుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 'వీడికి చదువు అబ్బదు' అన్న తీర్పు ఆ క్షణమే వెలువడుతుంది. ఆ బిడ్డ మాదిగవాడ నుంచో తండా నుంచో వచ్చినదైతే ఆ తీర్పునకు వేరే సాక్ష్యం కూడా అవసరం లేదు.

అసర్-2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల్లో, అయిదో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతమే. అయితే ఇది ప్రధానంగా పైకి చదవగలగడాన్ని కొలిచిన లెక్క. చదివినదాన్ని గ్రహించాలంటే, పాఠం చెబుతున్న లోకంతో ముందే కొంత పరిచయం ఉండాలి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 64 మంది విద్యార్థులతో బేస్‌బాల్ ఆట గురించిన పాఠం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే మెరుగ్గా గ్రహించారు.

మన వాచకాలకు ఈ సంగతిని అన్వయించి చూడాలి. 'అమ్మ బొమ్మల కొలువు తీర్చింది, పేరంటాళ్ళు వచ్చారు' అన్న వాక్యంలో కష్టమైన అక్షరం ఒక్కటీ లేదు. కానీ కొలువు ఏమిటో, పేరంటానికి ఎవరిని పిలుస్తారో, ఎవరిని పిలవరో వాక్యం చెప్పదు. కొన్ని ఇళ్ళ పిల్లలకు అది చెప్పనవసరం లేదు. ఆ చెప్పనవసరం లేనితనాన్నే మనం ప్రతిభగా లెక్కకడుతున్నాం.

అలాగని దళిత పిల్లలకు డప్పు గురించి, చెప్పు గురించి మాత్రమే పాఠాలు పెట్టడం పరిష్కారం కాదు. అది మర్యాదగా కట్టిన మరో వెలివాడ. వారికి సముద్రాలూ న్యాయస్థానాలూ గ్రహాలూ కావాలి. అక్కడికి దారి మాత్రం వారికి తెలిసినదాని నుంచే మొదలవ్వాలి. పాఠం తెరవకముందే దాని విషయంపై పిల్లలతో మాట్లాడించాలి. ఇంటి మాటను తప్పుగా కొట్టివేయక, పుస్తకం మాట పక్కన నల్లబల్లపై రాయాలి. ఏటా ఆగస్టు 29న వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గిడుగును తలచుకుంటాం. సవర భాష నేర్చుకొని సవర పిల్లలకు వాచకాలు తయారుచేసిన గిడుగు మనకు అంతగా గుర్తుకురాడు.

ఇక ప్రశ్నల సంగతి. ప్రశ్నలోని పదాన్ని పేరాలో వెతికి ఆ వాక్యాన్ని దించేస్తే మార్కులు పడే పద్ధతి గ్రహింపును పరీక్షించదు. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ వివరించిన పద్ధతిలో పిల్లలే వంతులవారీగా ఉపాధ్యాయ స్థానం తీసుకుంటారు. తర్వాత ఏం రావచ్చో ఊహిస్తారు, ప్రశ్నలు అడుగుతారు, తెలియని మాటను తేల్చుకుంటారు, సారాంశం చెబుతారు. తరగతిలో ప్రశ్న అడిగే వంతు వెనక వరుసకు కూడా రావడం మన దగ్గర చిన్న మార్పేమీ కాదు.

అయిదు తరగతులను ఒక్కరే నడుపుతున్న ఉపాధ్యాయురాలికి ఇదంతా ఉపదేశించడం అన్యాయం. తండాల్లో, గూడేల్లో ఏకోపాధ్యాయ బడులను అలాగే ఉంచి, పిల్లల స్థాయిపై ఏటా నివేదికలు కోరే ప్రభుత్వాలు ముందు అక్కడ రెండో ఉపాధ్యాయుడిని నియమించాలి.