కొల్లేటి పక్షుల కోసం ఒక పరుగు

ఏలూరులో బయలుదేరి భీమడోలు, ఉంగుటూరు దాటి, తాడేపల్లిగూడెం ఇంకా కొద్ది దూరం ఉందనగా ఆగితే అది ఇంచుమించు ఒక మారథాన్. కచ్చితంగా చెప్పాలంటే 42.195 కిలోమీటర్లు. బస్సులో కునికిపాట్లు పడుతూ మనం దాటే ఈ దూరాన్ని లోకంలో లక్షలాది మంది కాళ్ళతో కొలుస్తున్నారు. వారిలో అందరూ పతకాల కోసం పరుగెత్తడం లేదు. రోగుల కోసం, అనాథల కోసం పరుగెత్తే వారున్నారు. నోరులేని జీవుల కోసం పరుగెత్తే వారూ ఉన్నారు.

లండన్ మారథాన్ 1981లో మొదలైంది. అక్కడ ఏటా కొందరు దాదాపు పది కిలోల బరువుండే ఖడ్గమృగం వేషం తొడుక్కుని పరుగెత్తుతారు. ఆ వేషంలో చూపు సరిగా ఆనదు, ఊపిరి ఆడదు. చూసేవారికి నవ్వు వస్తుంది. ఆ నవ్వుతోనే జేబులో చెయ్యి పెడతారు. ఆ సొమ్ము ఖడ్గమృగాల రక్షణకు పోతుంది. ఇందులో కిటుకు ఏమీ లేదు. పరుగెత్తే వ్యక్తి తన బంధువులను, సహోద్యోగులను, ఇరుగుపొరుగును ముందుగానే కలిసి, "నేను ఈ కష్టం పడతాను, మీరు ఫలానా సంస్థకు ఇంత ఇవ్వండి" అని అడుగుతాడు. ఊరికే చందా అడిగితే ముఖం తిప్పుకునే మనిషి, అడిగేవాడు ముందు తన చెమట ధారపోస్తున్నాడని తెలిస్తే కాదనలేడు. మన దేశంలో 2004లో మొదలైన ముంబయి మారథాన్ కూడా ఈ పద్ధతిలోనే వందలాది సేవాసంస్థలకు నిధులు సమకూర్చి పెడుతున్నది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం కెన్యాలోని లేవా పరుగు. 2000 సంవత్సరం నుండి జరుగుతున్న ఈ మారథాన్ బాట ఒక వన్యప్రాణి సంరక్షణ క్షేత్రం నడిమధ్యగా సాగుతుంది. ఏనుగులు, ఖడ్గమృగాలు, సింహాలు తిరిగే నేల అది. సాయుధ రక్షకులు, ఆకాశంలో హెలికాప్టర్లు కాపలా ఉంటే తప్ప అక్కడ పరుగు సాగదు. అయితే విశేషం అది కాదు. వచ్చిన సొమ్ములో కొంత జంతువుల రక్షణకు పోతే, కొంత చుట్టుపక్కల పల్లెల బడులకు, వైద్యశాలలకు చేరుతుంది. అడవి పక్కన బ్రతికే మనిషికి అడవి వల్ల మేలు కలగకపోతే అతడు దాన్ని ఎందుకు కాపాడతాడు?

ఈ ప్రశ్న కొల్లేటి ఒడ్డున అడగవలసిన ప్రశ్నే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీటిని కడుపున దాచుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ సరస్సును 1999లో ఐదవ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టింది. దాంతో నీటికి దారి దొరికింది, కానీ ఆ చెరువుల మీదనే బ్రతికిన పేద కుటుంబాలకు పూట గడవడం కష్టమైంది. అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలన్న కోరిక అప్పటి నుండి వినిపిస్తూనే ఉంది. దాన్ని పరిశీలించడానికి కేంద్రం నియమించిన పి.ఎ. అజీజ్ కమిటీ కుదింపుకు ఒప్పుకోలేదు.

అజీజ్ గారు అప్పట్లో కోయంబత్తూరులోని పక్షిశాస్త్ర కేంద్రానికి సంచాలకులు. ఆ కేంద్రం మోసే పేరు సలీం అలీది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలుడు తాను వేటాడిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూసి, అది ఏ పిచ్చుకో తెలుసుకోవడానికి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు. తర్వాత జీవితమంతా పక్షులకే ఇచ్చాడు. 1930ల తొలినాళ్ళలో నిజాం రాజ్యమంతటా తిరిగి అక్కడి పక్షుల లెక్క తేల్చాడు. 1976లో తనకు వచ్చిన అంతర్జాతీయ పురస్కారపు సొమ్మును ప్రకృతి రక్షణ నిధికి మూలధనంగా పెట్టేశాడు. ఆయన మారథాన్ పరుగెత్తలేదు కానీ, నడిచిన దూరం అంతకు ఎన్నో రెట్లు.

ఆ సొసైటీ పత్రికలోనే 1949లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్ళు కట్టే తావు గురించి వ్రాశారు. ఊరి చెట్లు పోయాక పక్షులూ పోయాయి. నేడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నీటిలో ఇనుప మంచెలు నాటితే, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వాటినే చెట్లనుకుని గూళ్ళు కట్టుకుంటున్నాయి. ఇనుముకు తుప్పు పడుతుంది. మార్చడానికి సొమ్ము కావాలి. ఒక పరుగు ద్వారా వచ్చే నిధికి ఇంతకంటే స్పష్టమైన పని ఏముంటుంది? అందులో సగం ఒడ్డునున్న జాలరి పిల్లల చదువుకు కేటాయిస్తే లేవా చూపిన దారీ తప్పినట్టు కాదు.

మన ఇళ్ళలో ఒక సందేహం రావచ్చు. ఇది జకాత్ సొమ్ముతో చేసే పని కాదు. జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాల వారని దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది. పక్షుల కోసం ఇచ్చేది సదఖా. నాటిన మొక్క ఫలాన్ని పక్షి తిన్నా అది నాటిన వాని ఖాతాలో దానంగానే జమ అవుతుందన్న హదీసు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఇక పరుగు మనకు కొత్త కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ళ తర్వాత ఆయన గెలిచారు.

అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. అలవాటు లేని శరీరం నలభై కిలోమీటర్లకు సిద్ధం కావడానికి నాలుగైదు నెలల క్రమమైన సాధన కావాలి. ముప్పై కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న శక్తి అడుగంటుతుంది. ఉప్పు లేకుండా నీళ్ళు మాత్రమే అతిగా తాగినా ప్రమాదమే. నలభై దాటినవారు గుండె పరీక్ష చేయించుకోకుండా దిగకూడదు. ఇంటిల్లిపాదీ పాల్గొనాలంటే ఐదు కిలోమీటర్ల నడక చాలు.

మన ఎండకు, ఉక్కకు డిసెంబరు, జనవరి నెలలే పరుగుకు అనువు. ఫజ్ర్ నమాజు ముగించుకొని చీకటి విడవకముందే బయలుదేరవచ్చు. కానీ గూడబాతులు గూళ్ళలో ఉండేదీ ఆ నెలల్లోనే. కాబట్టి పరుగును ఏలూరు వైపు రోడ్ల మీదనే ఉంచి, ఆటపాక ఛాయలకు మైకులను, బాణసంచాను, జనసందోహాన్ని రానివ్వకూడదు. అక్కడికి తర్వాత వెళ్ళవలసినవారు ఇద్దరే: మంచెలు బిగించే కమ్మరి, వచ్చిన సొమ్ము లెక్క చూపే కోశాధికారి.