మీకు తెలుసా? కాబా చుట్టూ ఒక పూటకు నాలుగు జమాతులు

మక్కాలోని కాబా దగ్గర ఒకే పూట నమాజును నలుగురు ఇమామ్‌లు విడివిడిగా చేయించేవారు. శతాబ్దాల పాటు సాగిన ఈ ఏర్పాటు 1920లలో గానీ ఆగలేదు.

హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే నాలుగు సున్నీ న్యాయ సంప్రదాయాలకూ కాబా చుట్టూ తలా ఒక స్థానం ఉండేది. మామూలు పూటల్లో ఒక జమాత్ (సామూహిక నమాజు) తర్వాత మరొకటి జరిగేది. చిక్కల్లా మగ్రిబ్ (సాయంత్రపు నమాజు)తోనే. పొద్దుగూకాక వ్యవధి తక్కువ కాబట్టి ఆ నమాజును నలుగురూ ఒకేసారి మొదలుపెట్టేవారు. 1183లో అందలూసియా (నేటి స్పెయిన్ ప్రాంతం) నుంచి హజ్‌కు వచ్చిన ఇబ్న్ జుబైర్ ఆ సందడిని తన యాత్రా రచనలో వివరంగా రాశాడు. అన్ని వైపుల నుంచీ తక్బీర్లు (‘అల్లాహు అక్బర్’ పిలుపులు) కలగలిసి వినిపించేసరికి, ఒక ఇమామ్ వెనక నిలబడినవాళ్లు ఇంకొకరి పిలుపుకు రుకూలోకి వంగిపోయేవారట! ఈ నలుగురూ కాక జైదీ అనే షియా శాఖ వారికి నమాజు చేయించే ఐదో ఇమామ్ కూడా ఉన్నాడని ఆయనే చెప్పాడు.

నాలుగు సంప్రదాయాలకూ విడివిడి స్థానాలనే ఈ తీరు తర్వాత కైరో న్యాయస్థానాల్లోనూ వచ్చింది. 1265 దాకా అక్కడ ప్రధాన ఖాజీ (న్యాయమూర్తి) ఒక్కరే, అదీ షాఫయీ. ఆ ఏడాది మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ నాలుగు సంప్రదాయాలకూ నలుగురు ప్రధాన ఖాజీలను నియమించాడు. సుల్తాన్‌కు ఇందులో రాజకీయ లాభమూ లేకపోలేదు.

1924లో మక్కా అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ చేతికి వచ్చాక కాబా దగ్గర అందరికీ ఒకే ఇమామ్ అన్న పద్ధతి మొదలైంది. ఆ నాలుగు స్థానాల్లోని కట్టడాలను తర్వాత మసీదు విస్తరణలో తొలగించారు.