దిద్దే ముందు ఒక్క మాట

ఈవేళ మీతో ముచ్చటించబోయే విషయం చూడటానికి చిన్నది. మన ఇళ్ళల్లో, మన చేతుల్లోని ఫోన్లలో రోజూ జరిగేదే. ఒకరు తెలుగులో నాలుగు మాటలు రాస్తారు. ఇంకొకరు అందులో తప్పు పట్టుకుంటారు. తప్పు పట్టడానికి కూడా ఒక మర్యాద ఉందా? ఉంటే అది ఏమిటి?

ముందు నా సంగతి చెప్పుకుంటాను. మా బంధువులందరికీ కలిపి వాట్సాప్‌లో ఒక గుంపు ఉంది. హోసూరు, కోలారు, బళ్ళారి, హైదరాబాదు, ఇలా ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళం రోజుకొకసారి అక్కడ పలకరించుకుంటాం. మా అమ్మకు ఎనభై ఏళ్ళు నిండిన రోజున, హోసూరు వైపు ఉన్న మా తమ్ముడి కొడుకు అందులో తెలుగులో రాశాడు. ఆ అబ్బాయి చదివిందంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాడు. అతను రాసింది ఇది: "అవ్వకు పుట్టినరోజు సుబాకాంక్షలు. నీ ఆసీర్వాదం కావల్ల."

నేను ఊరుకోలేదు. అందరూ చూస్తుండగానే, "సుబాకాంక్షలు కాదు నాయనా, శుభాకాంక్షలు. ఆసీర్వాదం కాదు, ఆశీర్వాదం. కావల్ల కాదు, కావాలి" అని మూడు దిద్దుబాట్లు వరసగా పెట్టాను. ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. మంచిపని చేశాననే అనుకున్నాను. ఆ తరువాత ఆ అబ్బాయి ఆ గుంపులో తెలుగులో రాయడం మానేశాడు. ఏదైనా ఉంటే ఇంగ్లీషులో ఒక ముక్క పెడతాడు. మా అమ్మకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. "ఏం నాయనా, నా మనవడు ఏమీ రాయటం లేదే?" అని ఆమె నన్నే అడిగింది.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. నేను దిద్దిన మూడింటిలో రెండు అక్షరదోషాలు. మూడోది అసలు తప్పే కాదు. హోసూరు వైపూ, రాయలసీమలోనూ "రావల్ల, పోవల్ల, కావల్ల" అనటం వాడుక. తప్పు కానిదాన్ని తప్పన్నవాణ్ణి నేను. అందుకే మొదటి మర్యాద ఇది. ఎదుటివాడి మాట దిద్దే ముందు, అది నిజంగా తప్పా, లేక మన ఊరి మాట కాకపోవడమే దాని నేరమా అని చూసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "మా ఊళ్ళో ఇండ్లు పెరిగినాయి" అని ఒకరు రాశారనుకోండి. "ఇండ్లు కాదు, ఇళ్ళు" అంటారు కొందరు. నిజానికి ఆ రెంటిలో పాత రూపం ఇండ్లే. కండ్లు, పండ్లు కూడా అంతే. కాలక్రమంలో కోస్తా వాడుకలో ఇళ్ళు, కళ్ళు, పళ్ళు అయ్యాయి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఇండ్లు ఇండ్లుగానే నిలిచాయి. "వచ్చినాడు" అన్న మాటా అంతే. "వచ్చాడు" అనేది దానికి కుదించిన రూపం. కనుక వచ్చినాడు అన్నవాణ్ణి వచ్చాడు అనమనటం, తాతగారిని మనవడిలాగా నడవమన్నట్టు ఉంటుంది.

భాషాశాస్త్రజ్ఞులు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా చెబుతారు. శ్రీకాకుళం, విశాఖల వైపు ఒకటి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలు ఒకటి. రాయలసీమ, నెల్లూరు వైపు ఒకటి. తెలంగాణ ఒకటి. పుస్తకాల్లో, పత్రికల్లో ఎక్కువగా కనిపించేది నడిమి మండలం భాష. అది అందరికీ పరిచయం కావడం మంచిదే. అయినంత మాత్రాన మిగిలిన మూడూ దానికి చెడిపోయిన రూపాలు కావు. చిత్తూరు వైపు రైతు "గెనిమ మీద నడిచి కయ్యలోకి దిగినాను" అంటాడు. గెనిమ అంటే పొలం గట్టు, కయ్య అంటే మడి. సంగతి తెలియనివాడు కయ్యానికి దిగాడేమో అనుకుంటాడు! 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో, వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. జిల్లా జిల్లాలో రైతుల నోట ఏ మాట ఉందో అడిగి తెలుసుకుని రాసుకున్నారు. వారు మాటలను దిద్దడానికి పోలేదు, సేకరించడానికి పోయారు.

పొరుగు భాషల మాటలు కలిసిపోతున్నాయన్న ఆక్షేపణ ఒకటి సరిహద్దు జిల్లాల మనకు తరచు వినబడుతుంది. జిల్లా, తాలూకా, అర్జీ అన్న మాటలు అరబ్బీ నుంచి వచ్చాయి. అలమార, ఇస్త్రీ పోర్చుగీసు వారి నుంచి వచ్చాయి. వాటిని ఏ ఊరి తెలుగువారూ విదిలించుకోలేదు. బళ్ళారి తెలుగువారి నోట కన్నడ మాట, బరంపురం తెలుగువారి నోట ఒడియా మాట వినిపిస్తే దానికి నవ్వనక్కరలేదు.

ఇక రెండవ సంగతి. తప్పు నిజంగా తప్పే అనుకుందాం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించారా?

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకే అక్షరం. ప, ఫ, బ, భ అనే నాలుగింటికీ ఒకే అక్షరం. శంకరంలోని శ, సముద్రంలోని స కూడా మామూలుగా ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటారు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి మొదలు ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠమైంది. ఆ బడుల్లో చదివిన పిల్లవాడు తెలుగు రాయబోతే శుభాకాంక్షలు సుబాకాంక్షలు అవుతుంది. అది అశ్రద్ధ కాదు, మొదట నేర్చిన లిపి అలవాటు.

మహారాష్ట్రలో షోలాపురం వంటి చోట్ల పద్మశాలీలు తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్నారు. మరాఠీ రాసే లిపిలో ఎ, ఏ అని హ్రస్వదీర్ఘాలకు మామూలుగా వేరు గుర్తులు లేవు. ఒ, ఓ కూడా అంతే. ఆ లిపి చదువుకున్న పిల్లలు మెడ రాయబోయి మేడ రాస్తే ఆశ్చర్యమేముంది? ఒడియా బడిలో చదివిన పిల్లలకూ ఇదే చిక్కు. కన్నడ లిపి మన లిపికి అక్కచెల్లెలు కనుక అక్కడ ఆ బాధ లేదు. అయితే కన్నడంలో కథ అనే మాట కథె అవుతుంది, భాష భాషె అవుతుంది. ఆ ఎత్వం మన రాతలోకీ ఒక్కోసారి వచ్చి కూర్చుంటుంది.

ఇవి కాక ఫోను తెచ్చే తప్పులున్నాయి. చాలామంది ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రప్పించుకుంటారు. కొన్ని పద్ధతుల్లో చిన్న ఎల్ నొక్కితే ల, పెద్ద ఎల్ నొక్కితే ళ వస్తుంది. ఆ మీట తప్పితే కళ కల అవుతుంది. కొందరు నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది. అది విన్నదే రాత. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కునే పెద్దవాళ్ళ వేలు జారితే, దాన్ని వ్యాకరణదోషం అనగలమా?

ఈ సందర్భంలో ఒక మహనీయుణ్ణి తలుచుకోవాలి. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రంలో చేరింది. అంటే వాడుక భాషకు గౌరవం తెచ్చిన మనిషి పనిచేసిన ఊరు ఈనాటి లెక్కకు సరిహద్దు అవతలిదే. ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వారికోసం పుస్తకాలు రాశారు. జనం నోట ఉన్న తెలుగు తప్పు కాదని జీవితమంతా వాదించారు. తప్పులు పట్టే పండితుల రాతలనే తీసుకుని, వారి నియమాల ప్రకారమే వాటిలో ఎన్ని తప్పులున్నాయో ఎత్తి చూపించారు. ఆ పనికోసం రాసిన ఒక పుస్తకం పేరే "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం". భిషక్కులంటే వైద్యులు. వైద్యుడికే జబ్బు ఉందని చెప్పడం అది. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

పంతులు గారు చూపించింది ఇప్పటికీ నిజమే. "మీకు తెలుగు రాదు" అని కోప్పడేవారి రాతలోనే బాధ భాద అయి ఉంటుంది, సంబంధం సంభందం అయి ఉంటుంది. కనుక దిద్దబోయే ముందు నిఘంటువు ఒకసారి తిరగేయండి. 1852 నాటి బ్రౌన్ దొర నిఘంటువు ఉంది, 1885 నాటి శబ్దరత్నాకరం ఉంది. నాకు అలా వెతికిన ప్రతిసారీ, దిద్దాలనుకున్నవాటిలో కొన్ని దిద్దనక్కరలేనివిగా తేలుతున్నాయి.

మూడవది, సమయం, చోటు.

ఒకరి ఇంట్లో మనిషి పోయారు. స్నేహితుడు "మీ భాదలో పాలు పంచుకుంటున్నాం" అని రాశాడు. దాని కింద "భాద కాదు, బాధ" అని రాసేవాళ్ళను నేను చూశాను. అక్కడ అక్షరం సరి అయింది, మనిషి మనసు చిన్నబోయింది. చావు కబురు దగ్గర, పెళ్ళి కబురు దగ్గర, పసివాళ్ళ మొదటి రాత దగ్గర ఎర్ర సిరా పనికిరాదు.

వాదన జరిగేటప్పుడు మరొక దురలవాటు కనబడుతుంది. చెరువు నీటి గురించో, బడి గురించో ఒకరు న్యాయమైన ప్రశ్న వేస్తారు. జవాబు దొరకనివారు, "ముందు వత్తులు సరిగా పెట్టడం నేర్చుకో" అంటారు. వాదం వదిలి వత్తు పట్టుకోవడం అన్నమాట. అది భాషాభిమానం కాదు, తప్పించుకునే దారి.

అయితే అసలు దిద్దనే వద్దా? అలా అనటం లేదు. దిద్దవలసిన చోట దిద్దకపోవడమూ తప్పే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. మందుచీటీ కింద "అర్ధ మాత్ర" అని ఉండవలసిన చోట ఇంకొకటి ఉంటే ఊరుకోలేం. అచ్చుకు పోయే శుభలేఖలో పేరు తప్పితే, అర్జీలో ఇంటిపేరు తప్పితే, వెంటనే చెప్పాలి. బడి పుస్తకంలోనో, ఊరి పేరు రాసిన బోర్డు మీదనో తప్పు ఉంటే సంబంధించినవారికి మర్యాదగా ఉత్తరం రాయాలి. అది నలుగురూ చదివేది, పిల్లలు నేర్చుకునేది కదా. "నా తప్పులు దిద్దండి" అని అడిగినవారికి దిద్దడం మన బాధ్యత కూడా. లాభనష్టాలు ఉన్నచోట చెప్పాలి. అక్కర తీరిపోయిన చోట, సంగతి అర్థమైన చోట ఊరుకోవచ్చు.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. మొదట, విడిగా చెప్పండి. పదిమందిలో చెప్పిన దిద్దుబాటు పాఠం కాదు, పంచాయితీ. రెండు, ముందు వారు రాసిన సంగతికి జవాబివ్వండి, ఆ తరువాతే అక్షరం సంగతి. మూడు, ఒకసారికి ఒక్కటే చెప్పండి. నాలుగు, "నాకు తెలిసినంతలో" అన్న మాట ముందు చేర్చండి. మన కంటే పెద్దవారైతే, "ఈ మాట ఇలా రాస్తారని చదివానండీ, మీరేమంటారు?" అని అడగవచ్చు.

వీటన్నిటికంటే మేలైన పద్ధతి ఒకటి తల్లులకు తెలుసు. బిడ్డ "అమ్మా, తాత వత్తాడా?" అంటే తల్లి తప్పు అనదు. "ఆ, తాత వస్తాడమ్మా, రేపు వస్తాడు" అంటుంది. బిడ్డ విని నేర్చుకుంటుంది. ఎవరైనా సుబాకాంక్షలు అని రాస్తే, మన జవాబులో "నీ శుభాకాంక్షలు అందాయి, సంతోషం" అని రాస్తే చాలు. చూడదలచినవారు చూసుకుంటారు.

దిద్దించుకునేవారికీ ఒక మాట. ఎవరైనా మర్యాదగా చెబితే మంచిదని తీసుకోండి. సందేహముంటే ఎందుకని అడగండి. అది మీ ఊరి మాటైతే, "మా వైపు ఇలాగే అంటామండీ" అని నిబ్బరంగా చెప్పండి. ఎవరో ఏదో అన్నారని మాత్రం రాయడం మానకండి.

శ్రోతలారా, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒక పిల్లవాడు అలిగి తెలుగు మానేస్తే, బడి ఉంది, వీధి ఉంది, బోర్డులున్నాయి, ఏదో ఒకటి మళ్ళీ తెస్తుంది. మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది పిల్లలకు తెలుగు రాతకు ఉన్న చోటు ఇల్లు ఒక్కటే, ఇంటివాళ్ళ ఫోను ఒక్కటే. అక్కడ కూడా తలుపు మూస్తే మరో తలుపు లేదు.

నేను ఆ తరువాత మా తమ్ముడి కొడుక్కి విడిగా ఫోను చేశాను. "కావల్ల అన్నది తప్పు కాదు నాయనా, నాదే తెలియనితనం. పదిమందిలో చెప్పడం ఇంకా పెద్ద తప్పు" అన్నాను. "పరవాలేదు పెద్దనాయనా" అన్నాడు. గుంపులో ఇంకా రాయటం లేదు. కాని మొన్న వాళ్ళ అవ్వకు మాత్రం నేరుగా తెలుగులో రెండు ముక్కలు రాశాడట. అందులో మూడు తప్పులున్నాయని మా అమ్మే చెప్పింది. ఏమిటవి అని నేను అడగలేదు. ఆమె దాన్ని నాలుగుసార్లు చదువుకుందట.