పగలగొట్టకుండా బలం చెప్పే సుత్తి

జూపాడు బంగ్లాలో ఇల్లు కట్టినా, నంద్యాలలో కట్టినా, టేకు కొనే స్తోమత లేనివాళ్లకు సిమెంటు ద్వారబంధం పెద్ద ఆసరా. చెద పట్టదు, వానకు ఉబ్బదు. అయితే అచ్చు పోసేటప్పుడు నీళ్లు ఎన్ని కలిపారో, పోశాక ఎన్నాళ్లు తడిపారో పైన చూసి చెప్పలేం. విరగ్గొడితే బలం తెలుస్తుంది, బంధం మిగలదు. జూపాడు బంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ లాంటి భారీ కట్టడానికైనా చిక్కు ఇదే.

దీనికి దారి చూపినవాడు స్విస్ ఇంజనీరు ఎర్నస్ట్ ష్మిట్. అంతకుముందు ఉక్కు గుండుతో కాంక్రీటును కొట్టి, పడిన గుంటను కొలిచేవారు. 1948 ప్రాంతంలో ష్మిట్ ఆ గుంట జోలికి పోకుండా, కొట్టిన దిమ్మ ఎంత వెనక్కి ఎగిరిందో కొలిచాడు. ఆయన చూపు అటు మళ్లడమే నాకు అబ్బురం.

పరికరం చేతిలో ఇమిడే గొట్టం. దాని మొనను కాంక్రీటుకు ఆనించి నొక్కుతూ పోతే లోపలి స్ప్రింగు సాగి, ఒక దశలో కొక్కెం వదులుతుంది. ఉక్కు దిమ్మ మొనను కొట్టి వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరిందో ముల్లు చూపిస్తుంది. గచ్చు మీద బంతి ఎగిరినంతగా ఇసుకలో ఎగరదు కదా! ఈ సుత్తిలో మామూలు రకం దెబ్బ దాదాపు 2.2 జౌళ్లు. సన్నటి దిమ్మెలకు అందులో మూడో వంతు దెబ్బ వేసే రకం ఉంది. ద్వారబంధానికి అదే తగినది.

మన దేశంలో 2020 దాకా దీనికి నియమాలు పెట్టిన ప్రమాణం 1992లో వచ్చిన ఐఎస్ 13311 రెండో భాగం. ఉపరితలం నున్నగా, పొడిగా ఉండాలి. అంచుకు కనీసం 20 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలంది. ఒక్కో చోట ఆరు రీడింగులు తీసి సగటు కట్టమంది. ఇన్ని చేసినా అంచనా 25 శాతం అటూ ఇటూ కావచ్చని ఆ ప్రమాణమే ఒప్పుకుంది. పాతబడ్డ కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి పైపొర గట్టిపడితే అంకె ఉన్న బలం కన్నా ఎక్కువ వస్తుంది. గోడలో బిగించని బంధం దెబ్బకు అదిరి తక్కువ చూపిస్తుంది. అందుకే బిగించాకే పరీక్షించాలి.

లోపలి బోలు ఈ సుత్తికి అందదు. దానికి అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది. ధ్వని తరంగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు భేషుగ్గా ఉన్నట్టు, అంతకన్నా బాగా తగ్గితే అనుమానించాలి.

బంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప క్లాంపుల సంగతి మాత్రం రెండు పరికరాలూ చెప్పవు. తాళం ఎత్తున అరచేత్తో గట్టిగా నెట్టి, బంధానికీ గోడకూ మధ్య ప్లాస్టరు విచ్చుకుంటుందేమో కంటితో చూసుకోవాలి.